గతం గుడిసెలో పొగ

కరుణాకర్ సారుకు శాలువాలు కప్పించుకోవడం అలవాటు. కొన్ని ఊళ్ల కమిటీలు దండ తెస్తాయి గాని శాలువా మరిచిపోతాయి. అందుకని జీపు సీటు కింద ఒక శాలువా ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. మీటింగు మొదలవకముందే డ్రైవర్ అబ్రహాం దాన్ని చంకలో పెట్టుకుపోయి కార్యదర్శి చేతికిచ్చేవాడు. అంతా అయ్యాక మడిచి మళ్లీ సీటు కింద పెట్టేవాడు. ఆకుపచ్చ అంచు శాలువా అది. ఒక్క ఏడాదిలో జనగామలో నాలుగుసార్లు, మహబూబాబాద్‌లో మూడుసార్లు, జఫర్‌గఢ్‌లో ఒకసారి ఆయన భుజాలెక్కి దిగింది. అంచు పోగులు లేస్తున్నాయి, ఇంకొకటి కొందామని అబ్రహాం అంటే, ముందు వరుసవాళ్లకు తప్ప ఎవరికి కనబడుతుంది, ముందు వరుసలో కూర్చునేది మనవాళ్లే కదా అన్నాడట సారు.

ఆయన ఉద్యోగం పేరు నూతన పద్ధతుల అధికారి. హన్మకొండలో ఉన్న ఒక గ్రామీణాభివృద్ధి సంస్థలో కొలువు. పల్లెలకు కొత్తవి తీసుకుపోవడం ఆ సంస్థ పని. కొత్తవాటి గురించి మాట్లాడడం ఆయన పని. సోమవారం జనగామ వర్తకుల వార్షికోత్సవంలో 'నూతన ఆలోచనే నేటి అవసరం' అని ఉపన్యాసం. బుధవారం కంటి శిబిరానికి రిబ్బను కత్తిరింపు. శనివారం మహబూబాబాద్ యువజన సంఘం శ్రమదానం. అక్కడ మొదటి తట్ట మట్టి ఆయనే ఎత్తేవాడు, ఫొటో కూడా పడేది. రెండో తట్ట ఎత్తగా చూసినవాళ్లు లేరు.

సొంతూరు నర్సింహులపేట. ఊరినిండా భూమి, వంటకు మనిషి. అరవై తొమ్మిదిలో హన్మకొండలో డిగ్రీ చదువుతూ తెలంగాణ ఉద్యమంలో దూకాడు, తొమ్మిది రోజులు జైల్లో ఉన్నాడు. అది నిజమే. కాని ఆ తొమ్మిది రోజులు ఉపన్యాసాల్లో ఏటేటా పెరుగుతూ వచ్చి ఎనభై మూడు నాటికి నలభై రోజులయ్యాయి. మన మాటను వెక్కిరిస్తున్నారని కొట్లాడిన మనిషి, మైకు ముందుకు రాగానే మాత్రం రేడియోలో వార్తలు చదివినట్టే మాట్లాడేవాడు. మైకు వదిలితే మళ్లీ మనవాడే.

ఆ ఎనభై మూడు వానాకాలంలో ఆయన హైదరాబాద్‌లో రెండు రోజుల సదస్సుకు పోయి పొగలేని పొయ్యిని చూశాడు. మట్టి పొయ్యే. కాకపోతే వెనుక ఒక సిమెంటు గొట్టం ఉంటుంది, పొగంతా దాంట్లోంచి కప్పు దాటి పోతుంది. తిరిగి రాగానే ఒక పల్లెలో ముప్పై ఇళ్లకు కట్టించాడు. నెల తరువాత పోయి చూస్తే ఆడవాళ్లు కొత్త పొయ్యిమీద తొక్కు జాడీలు పెట్టి, వంట పాత పొయ్యిమీదే చేసుకుంటున్నారు. దాంతో ఆయనకు ఒక సంగతి తట్టింది. కొత్తది కడితే చాలదు, పాతది పగలగొట్టాలి. పదేళ్ల కొలువులో ఆయన సొంతంగా కనిపెట్టిన నూతన పద్ధతి ఇదొక్కటే.

ఈసారి చిట్యాల దాటి బండ్లబాటన పోతే వచ్చే ఎర్రకుంటపల్లెను ఎంచుకున్నాడు. ఎనభై గడపల ఊరు. సర్పంచ్ వెంకట్రాం దొర ఆయనకు దూరపు చుట్టం. జిల్లాలో మొదటి పొగలేని గ్రామానికి గణతంత్ర దినం నాడు హైదరాబాద్‌లో బహుమానం ఉంది, ఆ ఊరికి రెండు బోర్లు కూడా వేయిస్తారు. అధికారి కన్ను బహుమానం మీద, సర్పంచ్ కన్ను బోర్ల మీద. ఇద్దరికీ వెంటనే కుదిరింది.

కుదరనిది ఒక్క ఓదెమ్మకే.

ఓదెమ్మది కింది వాడలో చివరి ఇల్లు. అరవై దాటిన మనిషి, మొగుడు పోయి చానా ఏండ్లయింది. కొడుకు రాజలింగు ఏడాదిలో సగం రోజులు కూలికి దేశాలు పట్టి తిరుగుతాడు. ఇంట్లో ఆమె, కోడలు గట్టమ్మ. ఆమె పొయ్యి పైన వాసాలకు పదిహేను ఇళ్ల విత్తనం వేలాడుతుంటుంది. మక్క కోతలప్పుడు ప్రతి ఇంటివాళ్లు మంచి కంకులు ఏరి, పొట్టు సగం ఒలిచి, ఆ పొట్టుతోనే జడలాగా అల్లి తెస్తారు. ఎవరి జడ వాళ్లకు గుర్తుండాలని ఒక్కొక్కరు ఒక్కో రంగు గుడ్డపీలిక కడతారు. ఓదెమ్మ ఇంటికే ఎందుకంటే, కూలికి వలసపోయే ఇళ్లలో పొయ్యి నెలలకు నెలలు చల్లబడుతుంది. ఓదెమ్మ పొయ్యి చల్లబడదు. రోజూ పొగ తాగీ తాగీ ఆ కంకులు బొగ్గులాగా నల్లబడతాయి. పురుగు వాటి దరికి రాదు. మిరుగం కార్తెలో తొలివాన పడిందంటే పదిహేను ఇళ్లవాళ్లు వచ్చి తమ జడ విప్పుకుపోతారు. ఎర్ర మక్కలవి. కంకి చిన్నదే గాని, రెండు వానలు పడితే నిలబడి పండుతుంది. ఆ విత్తనం ఊళ్లో ఎవరూ ఎవరికీ అమ్మలేదు, ఎవరూ కొనలేదు.

కరుణాకర్ ఇల్లిల్లూ తిరుగుతూ ఓదెమ్మ వాకిట్లోకి వచ్చి పొయ్యి గుణాలు చెప్పాడు. ఆమె అంతా విని ఒకటే అడిగింది.

"పొగ యాడికి పోతది సారు?"

"గొట్టంల నుంచి బయటికి పోతది అవ్వా. ఇంట్ల నూలుపోగంత కూడ మిగలదు."

"పొగ బయటికి పోతే, గీ ఇత్తునానికి ఎవలు కాపలా ఉంటరు?"

కరుణాకర్ నవ్వాడు. వాసాల దిక్కు చూడనైనా చూడలేదు. "ఇత్తునాలు సర్కారే ఇస్తది. మిరుగానికి ముందుగాల్నే సంచులు దింపిస్త. నా మాట."

ఓదెమ్మ ఇంకా ఏదో అనబోయింది. లోపల గట్టమ్మకు దగ్గు తెర వచ్చింది. రెండు కాన్పుల నుంచీ ఉన్న దగ్గు అది. చిట్యాల దవాఖానలో మందులిచ్చి, పొగకు దూరంగా ఉండమన్నారు. వంట చేసే మనిషి పొగకు ఎంత దూరం పోతుంది? దగ్గు ఆగాక గట్టమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ గడపలోకి వచ్చింది.

"అత్తా, నీ ఇత్తునం నీ కండ్లకు కనవడుతాంది. నా దగ్గు నీ చెవులకు వినవడుతలేదా?"

ఓదెమ్మ కడవలోంచి నీళ్లు ముంచి కోడలి చేతికిచ్చింది. కొత్త పొయ్యి కట్టి, అది ఆరాక మేస్త్రీ గడ్డపార తెచ్చేసరికి, ఆమె పాత పొయ్యిలోని నిప్పులను కుండపెంకులో ఎత్తి, పసుపు చల్లి, కొత్త పొయ్యిలో పోసి ఉంది. నిప్పున్న పొయ్యిని పగలగొట్టనియ్యరు మా దిక్కు.

నెల తిరిగేసరికి ఎనభై ఇళ్లలో పొగ బందయింది. అప్పుడు కరుణాకర్‌కు ఒక కొత్త పరేషాన్ వచ్చి పడింది. చూడవచ్చేవాళ్లకు ఏం చూపించాలి? పొగ లేదని చూపించడమంటే లేనిదాన్ని చూపించడమే. ఉత్త వంటిళ్లను చూసి ఎవరు చప్పట్లు కొడతారు? ఆలోచించి ఆలోచించి పంచాయతీ ఆఫీసు పక్కన ఒక గుడిసె వేయించాడు. అందులో అచ్చం పాత పొయ్యి లాంటిదే కట్టించి, గుమ్మం పైన 'గతం' అని బోర్డు పెట్టించాడు. పక్క గదిలో కొత్త పొయ్యి పెట్టి 'వర్తమానం' అని రాయించాడు. అధికారులు వస్తున్నారనగానే గతంలో పచ్చికట్టెలు రాజేస్తారు. వాళ్లు లోపలికి పోయి, కళ్లనీళ్లు పెట్టుకుని, దగ్గుకుంటూ బయటికొచ్చి, వర్తమానంలో అడుగుపెట్టి హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. చప్పట్లు వాటంతట అవే పడతాయి.

పరీక్షించే బృందం వచ్చేనాడు ఊళ్లో ఎక్కడా పొగ కనబడొద్దని వెంకట్రాం దొర డప్పు చాటించాడు. స్నానాలకు నీళ్లు కాగలేదు. ముసలోళ్లు బీడీలు చెవిలో పెట్టుకుని కూర్చున్నారు. కొట్టాల్లో దోమలకు వేపాకు పొగ వేయలేదు, గొడ్లు కాళ్లు నేలకేసి కొట్టుకుంటూ నిలబడ్డాయి. బృందం మూడు జీపుల్లో వచ్చింది. ఆనాడు ఊళ్లో లేచిన పొగంతా, గతం గుడిసెది పోగా, ఆ జీపులదే.

బహుమానం వచ్చింది. హైదరాబాద్‌లో కప్పింది పట్టు శాలువా, వాళ్లు కొన్నదే. తరువాత జనగామలో ఒక సన్మానం, మహబూబాబాద్‌లో ఒక సన్మానం జరిగాయి. వాటికి ఆకుపచ్చ అంచుదే వెళ్లింది.

ఫాల్గుణ మాసంలో ఒకనాడు పొద్దున గట్టమ్మ జొన్నరొట్టె చేస్తుంటే పెనం పక్కన తెల్లగా పిండి కనబడింది. తన చేతినుంచి రాలిందేమో అనుకుంది. తుడిచింది. కాసేపటికి మళ్లీ పడింది. తలెత్తి చూసింది. అత్తను పిలిచింది.

ఓదెమ్మ ఒక కంకి తెంపి అరచేతిలో తట్టింది. గింజల్లోంచి ముక్క పురుగులు బయటికొచ్చి చేతిమీద పాకాయి. ఒక్కో జడ దించి చూసింది. పదిహేను జడల్లో సగానికి సగం గింజలు ఉత్త డొల్లలు. మిరుగానికి ఇంకా మూడు నెలలుంది. ఇట్లాగే ఉంటే ఆ మిగతా సగం కూడా దక్కదు. కింది వాడ పదిహేను ఇళ్లు వచ్చి వాకిట్లో నిలబడితే ఏం చేతిలో పెట్టాలి?

గట్టమ్మ మొఖం పాలిపోయింది. ఆ పొయ్యి వచ్చినప్పటినుంచి ఆమె దగ్గు తగ్గుముఖం పట్టింది. ఇప్పుడు ఆ తగ్గడమే తప్పయినట్టు నిలబడింది.

"నా దగ్గుకోసం గింత జేసినవా అత్తా" అంది చిన్నగా.

"దగ్గు దగ్గే, పురుగు పురుగే. రెండింటిని ఒక్క తాడున కట్టకు" అంది ఓదెమ్మ. "పొయ్యి మంచిదే బిడ్డా. పొగ కూడ మంచిదే. రెండు ఒక్క ఇంట్ల ఉండద్దు, గంతే."

ఆమె సర్పంచ్ దగ్గరికి పోయి, ఇంటి వెనక ఒక పాత పొయ్యి పెట్టుకుంటానని అడిగింది. వెంకట్రాం దొర ససేమిరా అన్నాడు. బోరు బండి ఇంకా రాలేదు, వైశాఖంలో ఢిల్లీ నుంచి పెద్ద బృందం వస్తుందట, ఊళ్లో పొగ ఉందని ఎవరైనా కాగితం మీద రాస్తే బోర్లు పోతాయి, నీ గుప్పెడు మక్కలకోసం ఊరిని ఎండబెడతావా అన్నాడు. ఆ రెండు బోర్లలో ఒకటి ఆయన చెలక గట్టునే పడబోతోందని ఓదెమ్మకు తెలుసు.

మరునాడు పురుగు పట్టిన కంకులు నాలుగు కొంగున కట్టుకుని హన్మకొండకు బస్సెక్కింది. సారు జనగామలో మీటింగులో ఉన్నాడని ఆఫీసులో చెప్పారు. మళ్లీ బస్సెక్కింది. వర్తకుల హాలు చేరేసరికి మీటింగు నడుస్తోంది. కరుణాకర్ జైలు నలభై రోజులూ పూర్తిచేసి పొగలేని పొయ్యి దగ్గరికి వచ్చాడు. గుమ్మంలో ఓదెమ్మ కనబడింది. ఆయన ముఖం వెలిగింది. లబ్ధిదారు తనంతట తాను నడిచివస్తే ఏ ఉపన్యాసకుడు వదులుకుంటాడు? వేదిక మీదికి పిలిపించి, అధ్యక్షుడి చేత దండ వేయించాడు.

ఓదెమ్మ కొంగు విప్పి కంకులు బల్లమీద పెట్టింది.

"ఈ మాతృమూర్తి తన పంటలోని కంకులను మనకు కానుకగా తీసుకువచ్చింది" అన్నాడు కరుణాకర్ మైకులో.

"కానుక గాదు సారు" అంది ఓదెమ్మ. "పురుగువట్టింది. సూడుమని తెచ్చిన."

మైకు ఆయన దగ్గరే ఉంది కాబట్టి ఆ మాట మొదటి వరుస దాటలేదు. అధ్యక్షుడు ఒక కంకిని భక్తిగా కళ్లకద్దుకున్నాడు. పురుగొకటి ఆయన తెల్లచొక్కా చేతిమీదికి ఎక్కి, మోచేయిదాకా నడిచి, అక్కడ ఆగి ఉపన్యాసం విన్నది. హాలంతా చప్పట్లు.

అంతా అయ్యాక అబ్రహాం శాలువా మడుస్తూ హాలు మెట్లమీద ఓదెమ్మను చూశాడు. దండ మెడలోనే ఉంది, కంకులు ఒళ్లో ఉన్నాయి. చాయ్ తెచ్చిచ్చి సంగతంతా విన్నాడు. వాళ్లమ్మ కూడా చిట్యాల దిక్కు మనిషే. ఆమె పొయ్యిమీదా మక్కజడలు వేలాడేవి.

"సారుకు ఇత్తునం ముచ్చట చెప్తే తలకెక్కది అవ్వా" అన్నాడు. "గతం గుడిసె ముచ్చట చెప్పు. ఎక్కుతది."

ఓదెమ్మ చాయ్ తాగడం ఆపి అతని మొఖం చూసింది. గ్లాసు కింద పెట్టి లేచింది.

కరుణాకర్ జీపెక్కబోతుంటే ఎదురుపోయి, "సారు, గతం గుడిసెల పొయ్యి సల్లగున్నది" అంది. "చెప్పకుంట ఎవలన్న పెద్దసారు వస్తే ఏం జూపెడ్తరు? ఎసొంటి పొయ్యన్న దినాం రాజేస్తనే పొగ కమ్ముతది, గోడలు నల్లగైతయి. లేకుంటే గది గతం అని ఎవడు నమ్ముతడు?"

కరుణాకర్ ఆగిపోయాడు. ఇంత చిన్న సంగతి తనకెందుకు తట్టలేదా అనుకున్నాడు. గోడలు నిజంగానే తెల్లగా ఉన్నాయి.

"దినాం రాజేసేటోళ్లు ఎవరున్నరు?"

"నేనుంట. నా పానం బాగున్నన్ని దినాలు ఆరనియ్య."

అక్కడికక్కడే జీపు బానెట్ మీద కాగితం పెట్టి ఉత్తర్వు రాసిచ్చాడు. గతం గుడిసెలోని పొయ్యిని ప్రతిదినం మండించు బాధ్యత ఓదెమ్మది, దీనికెవరూ అడ్డు చెప్పరాదు. జీతం మాట అందులో లేదు. ఆమె అడగలేదు కూడా.

మరునాడు పొద్దున అత్తాకోడళ్లు మంచి కంకులన్నీ ఏరి, పురుగు తగిలినవాటిని కోళ్లకు వేసి, మిగిలినవి మళ్లీ జడలల్లి, ఎవరి గుడ్డపీలిక వారికి కట్టి, గతం గుడిసెలో వేలాడదీశారు. సర్పంచ్ వస్తే ఓదెమ్మ కాగితం చూపించింది. ఆయన రెండుసార్లు చదివి, సంతకం తడిమి చూసి, వెళ్లిపోయాడు. ఆ సంగతి తెలిసి పై వాడవాళ్లు కూడా పొట్ల, బీర గింజల బుర్రలు తెచ్చారు. ఉగాదికల్లా గతంలో తల పెట్టడానికి సందు లేదు. వర్తమానానికి మాత్రం తాళం వేసి ఉండేది, అందులో పెట్టుకున్న తొక్కు జాడీలు ఎవరో ఎత్తుకుపోతున్నారని.

వైశాఖంలో ఢిల్లీ బృందం దిగింది. అందులో ఒక ముసలి శాస్త్రవేత్త ఉన్నాడు. అందరూ గతంలోకి పోయి కళ్లు తుడుచుకుంటూ బయటపడితే, ఆయన మాత్రం రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలే నిలబడి పైకి చూశాడు. ఇవేమిటని అడిగాడు. కరుణాకర్ ఆ గుడిసెలోకి అంతకుముందు ఒక్కసారి కూడా అడుగుపెట్టలేదు, కళ్లు మండుతాయని. ఇప్పుడు పోయి తలెత్తి చూశాడు. నూటికి పైగా నల్లటి కంకులు. ఎవరైనా అయితే తడబడేవాళ్లు. ఆయన పదిహేనేళ్లు వేదికలెక్కిన మనిషి.

ఇది మా సంస్థ రెండో దశ కార్యక్రమం, పొగ ద్వారా విత్తన సంరక్షణ, ప్రయోగాలు చివరి దశలో ఉన్నాయి అన్నాడు.

శాస్త్రవేత్త పుస్తకంలో రాసుకుని, ఈ పద్ధతి నీకెవరు చెప్పారమ్మా అని ఓదెమ్మను తెలుగువాళ్ల చేత అడిగించాడు.

"మా అత్త" అంది ఓదెమ్మ.

సంప్రదాయ విజ్ఞానాన్ని మేం ఆధునికీకరించామని చెబుతున్నదని కరుణాకర్ ఆయనకు ఇంగ్లీషులో వివరించాడు.

మిరుగం రోజున వాన పడింది. పదిహేను ఇళ్లవాళ్లు గతం గుడిసె ముందు నిలబడ్డారు. ఓదెమ్మ గుడ్డపీలికలు చూసి ఎవరి జడ వాళ్లకిచ్చింది. జడలు సన్నబడ్డాయి, రెండు గింజలు వేసే చోట ఒకటే వేసుకొమ్మని చెప్పింది. వేసింది వేసినట్టు మొలిచింది. సర్కారు విత్తనం సంచులు చేను మోకాలెత్తు వచ్చాక చేరాయి. కరుణాకర్ మాట తప్పలేదు, సంచులు దింపించాడు. అవి పంచాయతీ ఆఫీసు మూలన ఆ ఏడంతా ఉన్నాయి, మీటింగులప్పుడు కూర్చోవడానికి పనికొచ్చాయి. బోరు ఒకటే వచ్చింది. ఎక్కడ పడిందో చెప్పనక్కరలేదు.

ఆ వానాకాలం కరుణాకర్ హైదరాబాద్ సదస్సులో పొగ మీద పత్రం చదివాడు. బహుమానం అందుకున్ననాడు అదే హాలులో పొగకు వ్యతిరేకంగా మాట్లాడాడు. చప్పట్లలో తేడా ఏమీ లేదట. సంస్థ వెంటనే ఎర్రకుంటపల్లెకు మెరుగైన విత్తన పొగ గది మంజూరు చేసింది. ఇటుక గోడలు, రేకుల కప్పు. గతం గుడిసెను పీకేసి, దాని జాగలోనే కట్టారు. గుమ్మం పైన 'భవిష్యత్తు' అని రాశారు.

మక్క కోతలయ్యాక ప్రారంభోత్సవం పెట్టారు. జనగామ నుంచి వర్తకులు, మహబూబాబాద్ నుంచి యువజన సంఘంవాళ్లు వచ్చారు. కింది వాడ ఆడవాళ్లు కొత్త కంకుల జడలు నెత్తిన పెట్టుకుని వరుసగా నిలబడ్డారు. కరుణాకర్ రిబ్బను కత్తిరించాడు. తరువాత, ఈసారి సన్మానం నాకొద్దు, దీనికి మూలమైన తల్లికే అన్నాడు. ఆకుపచ్చ అంచు శాలువా తెచ్చి ఓదెమ్మ భుజాలమీద కప్పాడు. కెమెరా ఇంకా లేవకముందే ఆమెకు వంగి దండం పెట్టాడు. ఫొటో తీశారు.

అందరూ ఫలహారాలకు కదిలాక ఓదెమ్మ, గట్టమ్మ జడలు కట్టడానికి లోపలికి పోయారు. పొయ్యి రాజేశారు. పొగ లేచింది. లేచి, నేరుగా మూలకు నడిచి, అక్కడున్న సిమెంటు గొట్టంలోకి దూరి కప్పు దాటి ఆకాశంలోకి పోయింది. గదిలో నూలుపోగంత కూడా మిగల్లేదు. పొయ్యి ఉన్న ప్రతి కట్టడానికీ గొట్టం ఉండాలన్నది సంస్థ నియమం, ఇంజనీరు దాన్ని తప్పలేదు.

అత్తాకోడళ్లు గొట్టం దిక్కు చూశారు. ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. గట్టమ్మ ముందు నవ్వింది. దగ్గు లేని నవ్వు.

అప్పుడే అబ్రహాం గుమ్మంలోకి వచ్చి, తల గీరుకుంటూ, "అవ్వా, జర ఆ శాలువా... రేపు సారుకు మహబూబాబాద్‌ల మీటింగున్నది" అన్నాడు.

ఓదెమ్మ శాలువా తీసి, అంచు పోగులు లాగి చూసి, చేతులమధ్య ఉండచుట్టింది. అబ్రహాం చేయి చాపాడు. ఆమె అతనికివ్వలేదు. పీటెక్కి, ఆ ఉండను గొట్టం నోట్లో పెట్టి, ఊపిరాడనంత గట్టిగా కుక్కింది.

"ఇంకోటి కొనుమని చెప్పు బిడ్డా" అంది దిగుతూ. "గిది నౌకరిల చేరింది."

అబ్రహాం చాపిన చేయి వెనక్కి తీసుకున్నాడు. ఏమనుకున్నాడో, లోపలికి వచ్చి ఒక జడ అందుకుని వాసానికి కట్టాడు. అప్పటికే పొగ గదంతా పరుచుకుని, తలలదాకా దిగింది. ముగ్గురూ కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేశారు.